ఎక్స్‌రే చదివే ఏఐ, తెమడ డబ్బా

2021 ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళల్లో ఎవరికి ఫోన్ చేసినా ముందు అడిగిన మాట "స్కోర్ ఎంతట?" అని. ఐపీఎల్ స్కోర్ కాదు, సీటీ స్కాన్ స్కోర్. ఊపిరితిత్తుల్లో ఉండే ఐదు భాగాలకి ఒక్కోదానికి 5 చొప్పున మొత్తం 25కి వేసే లెక్క అది. ఎనిమిదంటే హమ్మయ్య, పద్దెనిమిదంటే ఇంటిల్లిపాదికీ అన్నం సయించేది కాదు. కాస్త జ్వరం, ఒళ్ళు నొప్పులు తప్ప ఏమీ లేనివాళ్ళు కూడా స్కాన్ సెంటర్ల ముందు బారులు తీరేసరికి, ఒక్క సీటీ స్కాన్ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానం, అనవసరంగా తీయించుకోకండి అని అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణ్‌దీప్ గులేరియా మే 3న చెప్పాల్సి వచ్చింది. అది పాతకాలపు లెక్క అని రేడియాలజిస్టుల సంఘం గట్టిగానే అభ్యంతరం చెప్పింది, ఆ గొడవ వేరే.

ఆ స్కోరు వేసింది మనుషులే. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే, ఎక్స్‌రేనో స్కానో చూపిస్తే చాలు కోవిడ్ ఉందో లేదో క్షణాల్లో చెప్పేస్తాం అంటూ ఏఐ ప్రోగ్రాములు ప్రపంచమంతా పుట్టగొడుగుల్లా వచ్చాయి. 97 శాతం కరెక్ట్, 99 శాతం కరెక్ట్ అని పరిశోధన పేపర్ల మీద పేపర్లు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు కూర్చుని ఇలాంటివన్నీ పోగేశారు. 2020 జనవరి నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా దొరికినవి 2212. మొదటి వడపోతలో మిగిలినవి 415, నాణ్యత చూసి తీసేశాక నికరంగా 62. ఆ 62లో ఆసుపత్రిలో వాడటానికి పనికొచ్చేవి ఎన్ని అంటే, ఒక్కటీ లేదు. 2021 మార్చిలో నేచర్ మెషిన్ ఇంటెలిజెన్స్ పత్రికలో వచ్చిందీ మాట.

ఎందుకు పోయాయో తెలుసుకుంటే నవ్వొస్తుంది, తర్వాత భయమేస్తుంది. కోవిడ్ ఉన్నవాళ్ళ ఎక్స్‌రేలు పెద్దవాళ్ళవి. కోవిడ్ లేని ఎక్స్‌రేలు కూడా కావాలి కదా అని చాలామంది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక పాత నిమోనియా ఎక్స్‌రేల సెట్‌ని తెచ్చి కలిపేశారు. అది ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలది. ఇంకేముంది, పెద్దవాళ్ళయితే కోవిడ్, చిన్నపిల్లలయితే కాదు అని ఏఐ శుభ్రంగా నేర్చేసుకుంది. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి మోడళ్ళని విప్పి చూస్తే, అవి ఊపిరితిత్తుల్ని వదిలేసి ఫిల్మ్ అంచుల్లో ఎడమ, కుడి అని చెప్పే అక్షరాల్నీ, భుజాలు ఉన్న తీరునీ పట్టుకుంటున్నాయని తేలింది. ఒక ఆసుపత్రిలో అక్షరం ఒక రకంగా ఉంటుంది, ఇంకోచోట ఇంకో రకంగా. ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో తెలిస్తే కోవిడ్ ఉందో లేదో కూడా తెలిసిపోయినట్టే, ఎందుకంటే కోవిడ్ ఫిల్ములన్నీ ఒకచోట నుంచి, లేనివన్నీ మరోచోట నుంచి వచ్చాయి. పేపర్ లీకైన పరీక్షలో మార్కులొచ్చినట్టు అన్నమాట. కొత్త ఆసుపత్రికి తీసుకెళ్ళగానే బండారం బయటపడింది.

ఇంత పరువు పోయాక ఎక్స్‌రే ఏఐని మూలన పడేస్తారనే ఎవరైనా అనుకుంటారు. కానీ మహమ్మారి వెనకబడ్డాక అదే రకం టెక్నాలజీ, అదే ఛాతీ ఎక్స్‌రే మీద, ఇంకో జబ్బుకి బాగా పనికొచ్చింది. ఆ జబ్బు టీబీ. ఒకచోట చతికిలపడినది ఇంకోచోట ఎలా నిలబడిందన్నది చూస్తే, వైద్యంలో ఏఐకి చోటెక్కడో చాలావరకు అర్థమవుతుంది.

ముందు టీబీకి కోవిడ్ ఏం చేసిందో చూడాలి. 2019లో మనదేశంలో కొత్తగా గుర్తించి నమోదు చేసిన టీబీ కేసులు సుమారు 24 లక్షలు, 2020లో 18 లక్షలు. ఆరు లక్షల మందికి జబ్బు మాయమైపోలేదు, వాళ్ళని వెతికే మనుషులు, పరీక్ష చేసే ల్యాబులు కోవిడ్ పనికి వెళ్ళిపోయాయి, రోగులేమో లాక్‌డౌన్‌లో ఇంట్లోనే దగ్గుతూ కూర్చున్నారు, పైగా దగ్గు ఉందని చెప్పుకోవాలంటేనే భయపడ్డ రోజులవి. అంటే ఆ ఆరు లక్షల్లో చాలామంది మందు లేకుండా ఇంటివాళ్ళ మధ్యే ఉండిపోయారు. మరోవైపు కోవిడ్ కొన్ని మంచి వస్తువుల్నీ వదిలిపెట్టి వెళ్ళింది. గోవా కంపెనీ తయారుచేసే ట్రూనాట్ అనే చిన్న జన్యుపరీక్ష మిషన్ అసలు టీబీ కోసం వచ్చింది, 2020లో దాంతో కోవిడ్ పరీక్షలు చేయొచ్చని కేంద్ర వైద్య పరిశోధనా సంస్థ ఐసీఎంఆర్ అనుమతించడంతో చిన్న ఆసుపత్రుల దాకా చేరింది. కోవిడ్ తగ్గాక ఆ మిషన్లు మళ్ళీ టీబీ పనికి తిరిగొచ్చాయి. సందడి లేకుండా జరిగిపోయిన ఈ మార్పుకి రావలసినంత పేరు రాలేదు.

2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 ఏళ్ళు పైబడినవాళ్ళ ఛాతీ ఎక్స్‌రేని టీబీ కోసం మనిషి బదులు కంప్యూటర్ చదవొచ్చు అని మొదటిసారి ఒప్పుకుంది. కోవిడ్ మోడళ్ళ పని అయిపోయిందని కేంబ్రిడ్జ్ పేపర్ వచ్చిన నెలే ఇదీ వచ్చింది. తేడా ఎక్కడ ఉంది? టీబీ ఎక్స్‌రేలు దశాబ్దాలుగా ఉన్నాయి, ఎన్నో దేశాలవి, ఎన్నో రకాల మిషన్లవి. అన్నిటికంటే ముఖ్యం, ఎక్స్‌రే చూసి ఏఐ చెప్పింది నిజమో కాదో తేల్చడానికి పక్కనే తెమడ పరీక్ష ఉంది. ఢాకాలో 23,954 మందికి ఎక్స్‌రేతో పాటు తెమడలో టీబీ క్రిమి జన్యువుల్ని వెతికే పరీక్ష కూడా చేసి, ముంబై కంపెనీ క్యూర్.ఏఐది, నెదర్లాండ్స్‌లో తయారైన క్యాడ్‌ఫర్‌టీబీ, ఇంకో మూడు, మొత్తం ఐదు సాఫ్ట్‌వేర్లని వాటి మీద పరీక్షించారు. ఐదూ అక్కడి రేడియాలజిస్టుల కంటే మెరుగ్గానే వచ్చాయి. ఆ ఎక్స్‌రేలని అవి అంతకుముందు చూసి ఉండలేదు. పేపర్ లీక్ అవకుండా రాసిన పరీక్ష ఇది.

ఎక్స్‌రే ఎందుకంత ముఖ్యం అన్నది ఐసీఎంఆర్ 2019 నుంచి 2021 దాకా చేసిన జాతీయ సర్వేలో కనిపిస్తుంది. దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గావా అని అడిగి వదిలేసుంటే, దొరికిన టీబీ కేసుల్లో దాదాపు 43 శాతం దొరికేవే కావు. ఎక్స్‌రే తీశారు కాబట్టి దొరికారు. అంటే ఒంట్లో టీబీ పెట్టుకుని, ఏ బాధా లేదండీ అని పొలం పనికి పోతున్నవాళ్ళు అంతమంది. వాళ్ళంతట వాళ్ళు ఆసుపత్రికి రారు, మనమే వెళ్ళాలి. ఊరూరా వెళ్ళి ఎక్స్‌రే తీయడం ఒక ఎత్తయితే, తీసినవన్నీ చదివేవాళ్ళు ఎక్కడ దొరుకుతారన్నది ఇంకో ఎత్తు. రేడియాలజిస్టులు ఉండేది పట్నాల్లో. ఇరుక్కున్నది అక్కడ. ఏఐ సరిగ్గా ఆ ఇరుకులోకే వచ్చింది.

2024 డిసెంబర్ 7న మొదలైన 100 రోజుల టీబీ కార్యక్రమం 347 జిల్లాల్లో ఇలాంటి శిబిరాలతోనే నడిచింది. శిబిరం ఎలా ఉంటుందంటే, చేతిలో పట్టుకునే ఎక్స్‌రే మిషన్ ఒకటి సంచీలో వస్తుంది, మూడు నాలుగు కిలోలు, చూడటానికి పెద్ద కెమెరాలా ఉంటుంది. స్కూల్ గదో, పంచాయతీ ఆఫీసో చూసుకుని గోడకి ప్లేటు తగిలిస్తారు. మెడలో గొలుసు తీయమ్మా, జడ ముందుకి వేసుకోకు, ఊపిరి గట్టిగా పీల్చి బిగపట్టు. ఒక్క క్లిక్. టెక్నీషియన్ ల్యాప్‌టాప్‌లో నిమిషం తిరక్కుండా ఊపిరితిత్తుల బొమ్మ మీద అనుమానమున్న చోట ఎర్రగా, పసుపుగా రంగు పడి, పక్కన ఒక అంకె వస్తుంది. ఆ అంకె ముందే పెట్టుకున్న గీత దాటితే ఆశా వర్కర్ ఆ మనిషి చేతికి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, ఉమ్మి కాదమ్మా, లోపల్నుంచి దగ్గి తీసిన తెమడ కావాలి అని రెండుసార్లు, మూడుసార్లు చెప్తుంది. ఈ ఒక్క మాట సరిగ్గా చెప్పకపోతే పైన జరిగిన ఏఐ అంతా వృథా. డబ్బాలో పడింది ఉత్త ఉమ్మయితే టీబీ ఉన్నా రిపోర్టు నెగెటివ్ అని రావచ్చు. వైద్యంలో ఏఐ గురించి పెద్ద పెద్ద సదస్సులు జరుగుతాయి కానీ, ఈ డబ్బా గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఆ గీత ఎక్కడ పెట్టాలన్నదే అసలు పంచాయితీ. లెక్క కోసం ఒక శిబిరానికి వెయ్యిమంది వచ్చారనుకుందాం, అందులో పదిమందికి టీబీ ఉందనుకుందాం. టీబీ ఉన్నవాళ్ళలో 90 శాతాన్ని పట్టుకోవాలి, లేనివాళ్ళలో 70 శాతాన్ని వదిలేయాలి అన్నది ఇలాంటి వడపోత పరీక్షకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న కనీస లక్ష్యం. ఆ లెక్కన పదిమందిలో తొమ్మిదిమంది దొరుకుతారు, ఒకరు జారిపోతారు. మిగతా 990 మందిలో 297 మందికి టీబీ లేకపోయినా డబ్బా చేతికొస్తుంది. మొత్తం 306 డబ్బాలు, అందులో అసలు కేసులు తొమ్మిది. ఇది చూసి, ఏఐ అనుమానించిన ప్రతి వందమందిలో 97 మంది విషయంలో తప్పు చెప్పిందని ఎవరైనా అంటే ఒక రకంగా నిజమే. కానీ అది లేకపోతే వెయ్యిమందికీ తెమడ పరీక్ష చేయాలి, లేదా ఎవరికీ చేయకుండా ఇంటికి పోవాలి. ఇక్కడ ఏఐ జబ్బు ఉందని తేల్చడం లేదు, లైన్‌లో ఎవరు ముందు నిలబడాలో చెప్తోంది, అంతే. ఆ మాత్రం పనికి అది చాలు. గీత కిందికి జరిపితే జారిపోయే ఆ ఒక్కరూ దొరకొచ్చు, కానీ డబ్బాలు ఐదొందలవుతాయి, ట్రూనాట్ చిప్పులు అయిపోతాయి. కాబట్టి గీత ఎక్కడన్నది నిజానికి కంప్యూటర్ నిర్ణయం కాదు, జిల్లా బడ్జెట్ నిర్ణయం. పదేళ్ళ కిందట టీబీ వచ్చి తగ్గినవాళ్ళ ఊపిరితిత్తుల్లో మచ్చలుంటాయి, వాళ్ళని చూస్తే ఏఐ అంకె పైకి దూకుతుంది, అలాంటివాళ్ళు ఎక్కువున్న ఊళ్ళో ఒక గీత, లేని ఊళ్ళో ఇంకో గీత పెట్టుకోవాలి. కంపెనీ బాక్సులో వచ్చిన అంకెనే అన్ని ఊళ్ళకీ వాడేయడం బద్ధకం.

ఇక దొరికినవాళ్ళకి మందులుండాలి. 2024 మార్చిలో టీబీ మందుల సరఫరా ఆలస్యమై, స్థానికంగా కొనుక్కోండి అని కేంద్రం రాష్ట్రాలకి రాయాల్సి వచ్చింది. ఎక్స్‌రే నిమిషంలో చదివే తెలివి ఉన్నా, మాత్రలు కొనే దగ్గర మళ్ళీ ఫైలూ, టెండరూ, సంతకమూ. రోగి తిండి కోసం ఇచ్చే నెలకి 500 రూపాయల్ని 2024 నవంబర్ నుంచి 1000 చేశారు, జబ్బు నయమవడానికి ఈ వెయ్యి కూడా తన వంతు పని చేస్తుంది.

టీబీలో కనిపించినదే మిగతాచోట్లా కనిపిస్తుంది. ఏఐ ఒక మాట అన్నాక దాన్ని వెంటనే సరిచూసే ఏర్పాటు ఉంటే అది నిలబడుతోంది, లేకపోతే గాల్లో తేలిపోతోంది. కోవిడ్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. లండన్‌లోని బెనివలెంట్‌ఏఐ అనే కంపెనీ తన దగ్గరున్న వైద్య సమాచారాన్ని ఏఐతో జల్లెడపట్టి, కీళ్ళవాతానికి వాడే బారిసిటినిబ్ అనే మందు కోవిడ్‌కి పనికి రావచ్చు అని 2020 ఫిబ్రవరి మొదటి వారంలోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది. అప్పటికి ఆ జబ్బుకి కోవిడ్ అన్న పేరు కూడా పెట్టలేదు. అయితే ఏఐ చెప్పింది కదా అని ఎవరూ మింగించేయలేదు. ఆసుపత్రుల్లో 1525 మంది రోగుల మీద ట్రయల్ జరిగింది, మామూలు చికిత్సలో వందకి 13 మంది చనిపోతే ఈ మందు తీసుకున్నవాళ్ళలో 8 మంది. 2022 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్రమైన కోవిడ్‌కి గట్టిగా సిఫార్సు చేసింది. ఆ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. 2021 మేలో నాట్కో ఫార్మా దీనికి అత్యవసర అనుమతి తెచ్చుకుని, పేటెంట్ ఉన్నా తయారు చేసుకునేలా కంపల్సరీ లైసెన్స్ ఇవ్వమని అర్జీ పెట్టింది, ఆ నెలలోనే పేటెంట్ ఉన్న అమెరికా కంపెనీ ఎలి లిల్లీ దిగొచ్చి ఇక్కడి కంపెనీలకి తనే లైసెన్సులిచ్చింది. ఏఐ పుణ్యం కొంత, ట్రయల్ పుణ్యం కొంత, ఆ అర్జీ పుణ్యం కొంత.

దీనికి పూర్తి విరుద్ధం సెప్సిస్ హెచ్చరికల కథ. ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒంట్లో అవయవాలు ఒక్కొక్కటే దెబ్బతినే ఆ పరిస్థితిని ముందే పసిగడతామంటూ అమెరికాలో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎపిక్ ఒక మోడల్ పెట్టింది, వందలాది ఆసుపత్రులు వాడాయి. మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు తమ ఆసుపత్రిలో 38 వేల పైచిలుకు అడ్మిషన్ల మీద సరిచూసి 2021లో ప్రచురించారు. సెప్సిస్ వచ్చిన కేసుల్లో మూడింట రెండొంతులు అది పట్టుకోలేదు, అదే సమయంలో మొత్తం అడ్మిషన్లలో 18 శాతానికి అలారం కొట్టింది. రోజంతా మోగే అలారాన్ని ఏ నర్సు మాత్రం ఎంతసేపని పట్టించుకుంటుంది? వాడేముందు బయటివాళ్ళెవరూ దాన్ని సరిగ్గా తూచి చూడకపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

బాగా పనిచేసే ఏఐతోనూ ఒక తలనొప్పి ఉంది. స్వీడన్‌లో 80,000 మంది మహిళల రొమ్ము ఎక్స్‌రేల మీద చేసిన ట్రయల్‌లో ఏఐ సాయంతో డాక్టర్ల చదివే పని 44 శాతం తగ్గింది, క్యాన్సర్లు ఇంకొంచెం ఎక్కువే దొరికాయి, ఇది మంచి వార్తే. పోలండ్‌లో మాత్రం పేగు లోపల కెమెరాతో చూసే డాక్టర్లకి ఏఐ అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో వాళ్ళు గడ్డలు కనిపెట్టిన పరీక్షల వంతు 28.4 శాతం నుంచి 22.4కి పడిపోయిందని 2025లో వచ్చింది. క్యాలిక్యులేటర్ చేతికొచ్చాక ఎక్కాలు మర్చిపోయినట్టు. కరెంటు పోయే ఊళ్ళో ఈ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు ఆసుపత్రి గడప దాటి ఏఐ నేరుగా రోగి ఫోన్లోకే వచ్చేసింది. కోవిడ్ నేర్పిన అలవాటే ఇది. ల్యాబ్ రిపోర్టు వాట్సాప్‌లో రావడం, డాక్టర్ వీడియోలో కనిపించడం అప్పుడే ఇంటింటికీ అలవాటైంది. 2020 మార్చి 25న, అంటే లాక్‌డౌన్ మొదటి రోజున, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఏఐ డాక్టర్‌కి సాయం చేయొచ్చు గానీ, తనంతట తాను రోగికి సలహా ఇవ్వడం, మందులు రాయడం కుదరదు అని అందులో స్పష్టంగా ఉంది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది, ఆ తర్వాత రిపోర్టు ఫొటో తీసి అందులో పడేసి, ఇదేంటో చెప్పు అనని ఇల్లు ఎన్ని మిగిలాయో చెప్పడం కష్టం. మార్గదర్శకం కాగితం మీదుంది, జనం ఫోన్‌లో ఉన్నారు.

రిపోర్టులో అంకెలు వివరించడం దాకా అది చాలాసార్లు బాగానే చేస్తుంది. చిక్కంతా మనిషి బాధ చెప్పుకునే భాష దగ్గర. "వేడి చేసింది" అంటాం. నోట్లో పుళ్ళు కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, కంటి కురుపు కావచ్చు, అడిగితే గానీ తెలియదు, ఊళ్ళో డాక్టర్ ఎక్కడ వేడి అని అడుగుతాడు. "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే కంటి జబ్బు కాదని తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుసు. అన్నిటికంటే ప్రమాదమైన మాట "గ్యాస్ పట్టేసింది". రాత్రి పదకొండింటికి ఛాతీలో పట్టేసినట్టుంటే, ఎడమ చెయ్యి లాగుతుంటే, చెమటలు పడుతుంటే కూడా ఇంట్లో పెద్దాయన చెప్పేది గ్యాస్ అనే. ఇంట్లోవాళ్ళు సోడా పట్టిస్తారు, వాము నమిలిస్తారు. ఫోన్‌లో గ్యాస్‌కి ఏం చేయాలి అని అడిగితే, అడిగినదానికే జవాబొచ్చే అవకాశం ఎక్కువ. చెమట పట్టిందా, నొప్పి దవడలోకి పాకుతోందా అని ఎదురు ప్రశ్న వేస్తుందో లేదో ఆ రోజు అదృష్టం.

అదే పెద్దాయనని ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీస్తారు. బెంగళూరు కంపెనీ ట్రైకాగ్ చేసే పని ఇదే. ఆసుపత్రిలో తీసిన ఈసీజీ ఇంటర్నెట్‌లో వెళ్తుంది, ముందు ఏఐ చూస్తుంది, వెంటనే డాక్టర్ సరిచూసి నిమిషాల్లో తిప్పి పంపుతారు. గుండెపోటే అని తేలితే, రక్తం గడ్డని కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్‌ని, బయట కొంటే 40 వేల రూపాయల పైనే అయ్యేదాన్ని, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ (ఒక రకం తీవ్రమైన గుండెపోటు) కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తున్నారు. ఛాతీకి ఆ ఈసీజీ వైర్లు అంటించడం టీబీ శిబిరంలో తెమడ డబ్బా చేతికివ్వడం లాంటిదే. సోడా తాగి, కాస్త తేలిగ్గా ఉందిలే అని పడుకున్నవాళ్ళ దాకా ఆ వైర్లు ఇంకా రాలేదు.